అజ్జరంలో చేయించిన స్టార్ ట్రెక్ కమ్యూనికేటర్

పెరవలి మండలం అజ్జరంలోని ఒక ఇత్తడి కార్ఖానాలో నిరుడు నేను చేయించుకున్న ఒక చిన్న వస్తువు గురించి, దాన్ని చేసి ఇచ్చినవారి పనితనం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ వస్తువు స్టార్ ట్రెక్ అనే అమెరికా అంతరిక్ష ధారావాహికలో నౌక కెప్టెనూ ఆయన సిబ్బందీ చేతిలో పట్టుకుని మాట్లాడే కమ్యూనికేటర్‌కు రెప్లికా, అంటే నకలు. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె, దానికి జల్లెడ వంటి బంగారు రంగు మూత, మూత తెరిస్తే లోపల తిరుగుతూ కనిపించే గుండ్రటి బిళ్ళ, ఆ బిళ్ళకు పైన వరుసగా మూడు రంగుల దీపాలు. బిందెలూ గంగాళాలూ దీపపు కుందులూ చేసే ఊరికి ఇటువంటి పని పట్టుకుని వెళ్ళవచ్చా, వెళితే వారికి ఎలా చెప్పాలి, ఎంత ఖర్చవుతుంది, మన తేమలో అది ఎన్నాళ్ళు నిలుస్తుంది అని నన్ను అడిగినవారు కోనసీమలోనే నలుగురైదుగురు ఉన్నారు. ఏడాది పాటు వాడిన తరువాత వారందరికీ ఒకేసారి సమాధానం చెప్పవచ్చునని అనిపించింది.

నేను భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. 1980లలో దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ వచ్చే రోజుల్లో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ ఉండేది. ఆ ఇంటి గదిలో చాప మీద కూర్చుని, ఇంగ్లీషు సంభాషణల్లో సగం అర్థం కాకపోయినా, ఆ మనుషుల చేతుల్లోని వస్తువుల వంకే చూస్తూ ఉండేవాణ్ణి. ఇంటికి వచ్చాక అగ్గిపెట్టెకు దారంతో అట్టముక్క కట్టి, మణికట్టు విదిలించి దాన్ని తెరవడం సాధన చేసేవాళ్ళం. ఆ ఇష్టమే ఉద్యోగం వచ్చాక సేకరణ అయింది. ఇప్పుడు నా గాజు బీరువాలో పదకొండు వస్తువులు ఉన్నాయి. 1963లో మొదలైన బ్రిటిష్ ధారావాహిక డాక్టర్ హూలో 1968లో తొలిసారి కనిపించిన సోనిక్ స్క్రూడ్రైవర్‌కు రెండు రకాల నమూనాలు, స్టార్ ట్రెక్‌లోని ఫేజర్ అనే ఆయుధం, ట్రైకార్డర్ అనే పరిశీలన పరికరం వాటిలో ముఖ్యమైనవి. 1998లో దూరదర్శన్‌లో వచ్చిన కెప్టెన్ వ్యోమ్ సామాను ఒక్కటి కూడా నాకు బజారులో దొరకకపోవడం మాత్రం మనసులో ఒక వెలితిగా ఉంది. మన దగ్గర తయారైన ధారావాహికకు మన దగ్గరే ఎవరైనా రెప్లికాలు చేస్తే బాగుండునని ఇప్పటికీ కోరుకుంటున్నాను.

అజ్జరం పని మంచిచెడ్డలు చెప్పాలంటే అసలు వస్తువు ఎటువంటిదో ముందు చెప్పాలి. స్టార్ ట్రెక్ మొదటి భాగం 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ప్రసారమైంది. 1969 వరకు సాగిన ఆ ధారావాహిక మొత్తం 79 భాగాలు. అందులోని కమ్యూనికేటర్లనూ ట్రైకార్డర్లనూ చేసిన మనిషి వా మింగ్ చాంగ్. 1917లో హోనలూలూలో పుట్టి, చిన్న వయసులోనే డిస్నీ స్టూడియోలో నమూనా బొమ్మలు చేసి, పోలియో సోకి నడక కష్టమైనా చేతిపని ఒక్కనాడూ మానని శిల్పి ఆయన. ఆ ధారావాహిక కోసం ఆయన ఎన్నో వస్తువులూ వింత ప్రాణుల రూపాలూ తయారు చేసినా తెర మీద ఆయన పేరు పడలేదు. ఆయన చేసిన కమ్యూనికేటర్లలో ఎక్కువ భాగం నడుముకు తగిలించుకోవడానికీ దూరపు దృశ్యాలకూ పనికివచ్చే ఉత్తి నమూనాలు. కెమెరా దగ్గరగా వచ్చే దృశ్యాల కోసం చేసిన వాటిలో మాత్రం లోపలి బిళ్ళ నిజంగా తిరిగేది. చిత్రీకరణలో వాడే సామానును ప్రాప్ అంటారు, సేకరించేవారు ఈ రెండవ రకాన్ని హీరో ప్రాప్ అంటారు. ఆ బిళ్ళను తిప్పడానికి ఆయన వాడినది ఒక మామూలు స్టాప్‌వాచీ యంత్రం. మూడు శతాబ్దాల తరువాతి మనుషులు వాడే పరికరంలో తాళం ఇచ్చి తిప్పే గడియారాన్ని పెట్టి చూసేవారిని నమ్మించిన ఆ చేతిపనిని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కొని తెచ్చుకునే దారి ఉన్న మాట నిజమే. బ్రిటన్‌కు చెందిన ది వాండ్ కంపెనీ 2016లో విడుదల చేసిన కమ్యూనికేటర్, అసలు ప్రాప్‌ను త్రీడీ స్కాన్ చేసి, ఆ కొలతల ప్రకారం తయారు చేసినది. బ్లూటూత్ ద్వారా సెల్‌ఫోనుకు జతపడుతుంది కనుక దానితో నిజంగానే మాట్లాడవచ్చు. మా బావగారి అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు దాన్ని తెస్తే రెండు రోజులు చేతిలో పెట్టుకుని చూశాను. కొలతల విషయంలో దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు, అది చాలా శ్రద్ధతో చేసిన వస్తువు. అయినా నాకు కావలసినది వేరు. మాట్లాడటానికి సెల్‌ఫోను నా జేబులో ఉండనే ఉంది. స్టాప్‌వాచీతో తిరిగే బిళ్ళ, రేకు కోసి రంధ్రాలు వేసిన మూత, మనిషి చేత్తో బిగించిన కీలు ఉన్న కమ్యూనికేటర్ కావాలని నా కోరిక. వా చాంగ్ చేసిన పద్ధతిలోనే మన దగ్గరి చేతులు చేస్తే అది ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

మొదట నేను వెళ్ళినది అజ్జరానికి కాదు. జిల్లాలోని ఒక పట్టణంలో త్రీడీ ప్రింటింగ్ చేసే దుకాణం ఉందని తెలిసి, కొలతల ఫైలు ఇచ్చి, పెట్టెనూ మూతనూ కలిపి ప్రింటు తీయమన్నాను. ఏ ప్లాస్టిక్కుతో తీస్తారని అడిగితే గట్టిదానితోనే అన్నారు, నేను అంతకుమించి అడగలేదు. వారు వాడినది పీఎల్ఏ. అది సుమారు 60 డిగ్రీల వేడి దగ్గరే మెత్తబడే పదార్థం. రోహిణీ కార్తెలో ఒక మధ్యాహ్నం రావులపాలెంలో కారు ఎండలో నిలిపి, అద్దాలు ఎత్తి, గంటన్నర తరువాత వచ్చి చూస్తే మూత అరటాకు ముక్కలా ఒంగిపోయి ఉంది, కీలు గుంట సాగిపోయింది. ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్కు అయితే దాదాపు 105 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. ఆ తేడా ముందుగా చెప్పవలసినది దుకాణమే అని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. తరువాత వెళ్ళి అడిగితే మళ్ళీ పూర్తి డబ్బు కడితేనే రెండవది తీస్తామన్నారు. ఆ దుకాణం సంగతి అక్కడితో వదిలేశాను. మన ఎండల్లో పీఎల్ఏతో చేసిన రెప్లికాను ఇంట్లో బీరువాలో తప్ప ఎక్కడా పెట్టవద్దని మాత్రం సేకరించేవారందరికీ గట్టిగా చెబుతున్నాను.

అమలాపురం నుంచి అజ్జరం వెళ్ళాలంటే రావులపాలెం చేరి, జాతీయ రహదారి మీద సిద్ధాంతం వంతెన దగ్గర వశిష్ఠ గోదావరిని దాటి, పెరవలి దగ్గర లోపలికి తిరగాలి. ఊళ్ళోకి అడుగు పెట్టకముందే రేకు మీద సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. ఇంటి ముందు భాగమే కార్ఖానా అయిన చోట్లు చాలా ఉన్నాయి. ఒకచోట కొలిమి, ఒకచోట లేతు మిషను, ఒకచోట మెరుగు పెట్టే చక్రం, అరుగుల మీద బోర్లించిన బిందెలు. నాకు తెలిసినవారు చెప్పిన చిరునామాకు వెళ్ళి, ఫోనులో ఫోటోలు చూపించి, పని వివరించడం మొదలుపెట్టాను. నౌక, కెప్టెన్, భవిష్యత్తు అంటూ నేను పదిహేను నిమిషాలు చెప్పిన తరువాత, అరవై ఏళ్ళు దాటిన ఆ మేస్త్రిగారు అడిగిన మొదటి ప్రశ్న ఇది: “మూత రోజుకి ఎన్నిసార్లు తీస్తారండి?”

ఆ ప్రశ్న విన్న క్షణమే ఈ పని ఇక్కడే చేయించాలని నిశ్చయించుకున్నాను. ఎందుకంటే కమ్యూనికేటర్ రెప్లికాకు ప్రాణం కీలులో ఉంది. చేయి విదిలించగానే మూత తనంత తాను పైకి లేచి, ఒక కోణం దగ్గర ఆగి, మళ్ళీ మూసేవరకు కదలకుండా నిలబడాలి. కీలు వదులైతే మూత వెనక్కి వేలాడుతుంది, బిగుతైతే విదిలించినా లేవదు. రోజుకు ఇరవై సార్లయినా తీస్తానని చెప్పాను. ఆయన తల ఊపి, తాంబూలపు పెట్టె ఒకటి తెచ్చి, దాని మూతను వేలితో కదిపి చూపించి, “దీని కీలు మా నాన్నగారు వేశారండి. నలభై ఏళ్ళయింది. పిన్ను ఇత్తడిది కాదండి, ఉక్కుది. ఇత్తడి మీద ఇత్తడి తిరిగితే రెండూ అరిగిపోతాయండి” అన్నారు. నేను తరగతి గదిలో ఘర్షణ గురించి ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. ఒకే లోహపు రెండు భాగాలు ఒరుసుకుంటే అరుగుదల ఎక్కువన్న సంగతిని ఒక తాంబూలపు పెట్టె చూపించి ఇంత సులువుగా చెప్పవచ్చునని నాకు అప్పటివరకు తట్టలేదు.

రెండవ మాటగా ఆయన ఫోటో పనికిరాదన్నారు. వస్తువు చేతికి కావాలి, లేదా చెక్కతో చేసిన నమూనా అయినా కావాలి. మా వీధిలోని వడ్రంగి చేత టేకుతో పెట్టె అచ్చంగా అదే కొలతల్లో చేయించి, రెండు వారాల తరువాత తీసుకువెళ్ళాను. తరువాత ఆ చెక్క నమూనానే లోపల తొలిచి, నల్లరంగు వేసి అసలు పెట్టెగా ఉంచేశాను. టేకు మన తేమకు ఉబ్బడం తక్కువ కనుక ఆ నిర్ణయం మంచిదే అయింది. అజ్జరంవారు చేసినవి మూత, కీలు, పెట్టె చుట్టూ వచ్చే సన్నటి పట్టీ, ముందున్న రెండు గుండ్రటి మీటలు.

మూత పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ జల్లెడకు సుమారు 430 రంధ్రాలు వచ్చాయి. రేకు మీద సన్నటి సూదిమొనతో అడ్డగీతలూ నిలువుగీతలూ గీసి, గీతలు కలిసిన ప్రతి చోటా చిన్న గుంట కొట్టి, ఆ గుంటలో ఒకటిన్నర మిల్లీమీటరు బిట్టు దించారు. గుంట కొట్టకపోతే బిట్టు జారి వరుస చెడిపోతుంది. మేస్త్రిగారి చిన్నకొడుకు ఈ పని చేస్తుంటే పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని రెండు గంటలు చూశాను. ప్రతి పది రంధ్రాలకు ఒకసారి బిట్టును కొబ్బరినూనెలో ముంచేవాడు, ప్రతి వరుస పూర్తి కాగానే రేకును ఎండకు ఎత్తి చూసేవాడు. ఎండ రేకు గుండా పడి అతని చొక్కా మీద చుక్కల ముగ్గులా కనిపించేది. ఆ ముగ్గులో ఒక చుక్క పక్కకు జరిగినా కంటికి ఇట్టే తెలిసిపోతుంది. పన్నెండవ వరుసలో ఒక రంధ్రం వెంట్రుకవాసి కిందికి జరిగింది. నేను పరవాలేదన్నాను, అతను మాత్రం ఆ రేకు పక్కన పెట్టి కొత్త రేకు తీసుకున్నాడు. మొత్తం మీద మూడు బిట్లు విరిగాయి, ఆ లెక్క నా బిల్లులో వేయలేదు.

ఇంత మెచ్చుకున్నాను కనుక లోపాలు కూడా అంతే వివరంగా చెప్పడం న్యాయం. మొదటిసారి వారు చేసిన మూత నాకు పనికిరాలేదు. రేకు మందం నేను మిల్లీమీటర్లలో చెప్పాను, అక్కడ లెక్కంతా గేజిలలో నడుస్తుంది, మధ్యలో మాట తారుమారై 18 గేజి రేకుతో చేశారు. 18 గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, నాకు కావలసినది 0.7 దగ్గర ఉండే 22 గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందన్న సంగతి కొత్తవారికి తికమక కలిగిస్తుంది. బరువు మూత కావడంతో చేయి విదిలిస్తే సగం దాకా లేచి మళ్ళీ ధబ్బున పడేది. రెండవ మూతకు రేకు ఖర్చు నేనే పెట్టుకున్నాను, కూలి వారు తీసుకోలేదు. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టినది ఆలస్యం. నెలరోజుల్లో ఇస్తామన్న పని మూడు నెలలకు గాని పూర్తి కాలేదు. శ్రావణంలో పెళ్ళిళ్ళకూ వ్రతాలకూ సామాను పని ఒత్తిడి ఉంటుందని, కార్తికంలో కుందుల పని మీద పడుతుందని వారు చెప్పినది నిజమే కావచ్చు, కాని ఆ మాట పని ఒప్పుకున్న నాడే చెప్పి ఉంటే నేను నాలుగుసార్లు బస్సు ఎక్కి వెళ్ళి ఊరికే తిరిగి వచ్చేవాణ్ణి కాదు. ఫోను ఎత్తి “రేపు రండి” అనడం, రేపు వెళితే “ఎల్లుండి అయిపోద్దండి” అనడం అక్కడ మామూలే. దూరం నుంచి వెళ్ళేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

మెరుగు విషయంలో కూడా ఒక పేచీ వచ్చింది. ఆ ఊరి అలవాటు ప్రకారం ఇత్తడికి అద్దం వంటి మెరుపు రావాలి. చక్రం మీద పెట్టి తళతళలాడించి ఇచ్చారు. గుడి సామానుకు అది అందమే గాని, దీపం వెలుగులో మూత తెరవగానే కంట్లో పొడిచినట్టు ఉండేది. తెర మీద కనిపించే మూత కొంచెం మబ్బుగా, మెత్తటి బంగారు రంగులో ఉంటుంది. అంత బాగా వచ్చిన మెరుపును మళ్ళీ తగ్గించమని అడిగితే మేస్త్రిగారికి మనసు ఒప్పలేదు. చివరకు సన్నటి గరుకు కాగితంతో ఒకే దిక్కుగా రుద్ది ఇచ్చారు. ఆ తరువాత దాని అందం చూసి ఆయనే మరొకసారి చేతిలోకి తీసుకుని, మూత నాలుగైదుసార్లు తెరిచి మూశారు.

లోపలి యంత్రం అజ్జరంవారిది కాదు. మా ఊళ్ళో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర, ఆటల పోటీల్లో వాడి పక్కన పడేసిన తాళపు స్టాప్‌వాచీ ఒకటి దొరికింది. దాని ముల్లు నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంది. ముల్లు తీసేసి ఆ ఇరుసు మీద పలచటి పారదర్శక షీటుతో కోసిన బిళ్ళను అతికించారు. కాగితపు అట్ట పెడితే బరువుకు యంత్రం నెమ్మదించింది, షీటు అయితే ఏ ఇబ్బందీ లేదు. ఆ బిళ్ళ మీద చక్రపు ఆకుల మాదిరిగా 90 నల్లటి గీతలు, దానిపైన కదలకుండా ఉండే మరొక బిళ్ళ మీద 88 గీతలు డీటీపీ దుకాణంలో ప్రింటు వేయించాను. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడితే అలల వంటి నీడలు కనిపించడం అందరం చూసినదే, దీన్నే మోయిరే అంటారు. గీతల సంఖ్యలో తేడా రెండే కనుక బిళ్ళ మీద రెండు నీడల రెక్కలు ఏర్పడతాయి. కింది బిళ్ళ ఎంత కోణం తిరిగితే ఆ రెక్కలు దానికి 45 రెట్లు తిరుగుతాయి. అంటే నిమిషానికి ఒక్క చుట్టు తిరిగే ముల్లు వల్ల కంటికి కనిపించే రెక్కలు నిమిషానికి 45 చుట్లు తిరుగుతాయి. ఈ గీతల సంఖ్య నేను వేసుకున్న లెక్క, అసలు వస్తువులోనిది కాదు. అయినా పద్ధతి అదే కనుక, తాళం ఇచ్చి మీట నొక్కగానే ఆ రెక్కలు కదలడం మొదలైనప్పుడు నా చిన్ననాటి టీవీ గది కళ్ళముందు నిలిచింది. దీన్ని ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా చూపిస్తున్నాను.

మూత తెరవగానే వినిపించే ఆ కిచకిచ శబ్దం పెట్టించలేదా అని చాలామంది అడిగారు. పెట్టించలేదు. చిత్రీకరణలో వాడిన వస్తువు ఏ శబ్దమూ చేసేది కాదు, దాన్ని శబ్ద విభాగంవారు తరువాత కలిపారు. అసలు వస్తువుకు నకలు కావాలనుకున్నప్పుడు దానిలో లేనిదాన్ని చేర్చడం నాకు సమ్మతం కాలేదు. తెర మీద కనిపించినట్టూ వినిపించినట్టూ ఉండాలనుకునేవారు శబ్దం పెట్టించుకోవచ్చు, వారి దారి వారిది. రంగు దీపాలకు మాత్రం చిన్న ఎల్ఈడీలూ బొత్తాం సెల్లూ పెట్టాను.

ఒక విషయం నేను పట్టుబట్టి చేయించాను. మూత లోపలి అంచు మీద, తెరిస్తేనే కనిపించే చోట, మేస్త్రిగారి ఇంటిపేరులోని మొదటి అక్షరం, సంవత్సరం చెక్కించాను. వారు తమ బిందెల అడుగున వేసుకునే గుర్తు అదే. ఇది అసలు వస్తువులో లేదు కదా, నకలు చెడిపోదా అని తోటి సేకర్తలు ఇద్దరు అడిగారు. దీనికి నాకు రెండు కారణాలు ఉన్నాయి. రెప్లికాను అసలుదని చెప్పి అమ్మే మోసం ఈ రంగంలో ఉన్నదే, లోపల చేసినవారి గుర్తు ఉంటే నా తరువాత ఇది ఎవరి చేతికి వెళ్ళినా ఆ మోసానికి తావుండదు. రెండవది, వా చాంగ్ చేసినదానికి తెర మీద ఆయన పేరు వేయలేదు. ఆయన పనికి నకలు చేసిన చేతుల గుర్తు అయినా వస్తువు మీద ఉండాలని నాకు అనిపించింది. ఆ అక్షరం కొట్టేటప్పుడు మేస్త్రిగారు మాట్లాడలేదు, కొట్టిన తరువాత మాత్రం బొటనవేలితో దాన్ని తుడిచి, “బాగా పడిందండి” అన్నారు.

ఏడాది వాడకం తరువాత పరిస్థితి ఇలా ఉంది. కీలు మొదటి రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, విదిలిస్తే లేస్తుంది, లేచిన చోట నిలుస్తుంది. పట్టీ ఒకచోట వానాకాలంలో కొంచెం వదులైతే నేనే రెండు చిన్న మేకులతో బిగించాను, అది అతుకు పనిలో లోపమే. ఇత్తడి రంగు మారింది. సముద్రం దగ్గరి గాలిలో ఉప్పు తేమ ఉంటుంది కనుక మన ప్రాంతంలో ఇత్తడి త్వరగా నల్లబడుతుంది, చేతి చెమట తగిలిన చోట ఇంకా త్వరగా. ఇంట్లో బిందెలకు చేసినట్టు చింతపండుతో తోమవచ్చా అని అడిగితే మేస్త్రిగారు వద్దన్నారు. చింతపండు పులుపు నలుపును కరిగిస్తుంది గాని, 430 రంధ్రాల్లో గుజ్జు మిగిలితే వారం తిరగకుండా ప్రతి రంధ్రం చుట్టూ పచ్చటి చిలుము పడుతుంది. గోరువెచ్చని నీటిలో తడిపిన మెత్తటి బ్రష్షుతో రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టాలి. నేను నెలకొకసారి అలాగే చేస్తున్నాను. బీరువాలో తేమ పీల్చే గుళికల పొట్లాలు రెండు ఉంచి, వానాకాలం నాలుగు నెలలూ బొత్తాం సెల్లు తీసి విడిగా పెడుతున్నాను. సెల్లు కారితే లోపలి తీగలు పాడవుతాయి, నా ట్రైకార్డర్ ఒకటి అలాగే పోయింది.

ఖర్చు విషయానికి వస్తే అజ్జరం పనికి అన్నీ కలిపి 4,200 రూపాయలు అయింది, అందులో రెండవ రేకు కూడా ఉంది. టేకు పెట్టెకు, స్టాప్‌వాచీకి, దాని అమరికకు, మిగతా చిల్లర సామానుకు మరో మూడు వేలు పైన. కొలతల ఖచ్చితత్వమే ముఖ్యమనుకునేవారు, మాట్లాడే సౌకర్యం కావాలనుకునేవారు కంపెనీ వస్తువు తెప్పించుకోవడమే మంచిది. నా రెప్లికా అసలుదానితో పోలిస్తే కొంచెం బరువు, పట్టీ ఒక పిసరు వెడల్పు. చేతిలో లోహపు చల్లదనం, కీలు నడక, రంధ్రాల వరుస ముఖ్యమనుకునేవారికి మాత్రం ఈ కార్ఖానా పనిని నిస్సందేహంగా సూచిస్తాను. ఐదింటికి నాలుగు మార్కులు వేస్తాను. తగ్గిన ఆ ఒక్క మార్కు గడువు తప్పినందుకే గాని పనికి కాదు. వెళ్ళేవారు ఫోటోలు నమ్ముకోకుండా చెక్క నమూనా పట్టుకెళ్ళాలి, రేకు మందం గేజిలో కాగితం మీద రాసి ఇవ్వాలి, మెరుగు ఎంత కావాలో ఒక ఇత్తడి ముక్క చూపించి చెప్పాలి, శ్రావణ కార్తికాలు దాటాక పని ఒప్పజెప్పాలి.

నేను రెండవ పని ఇప్పటికే ఇచ్చాను. స్టార్ ట్రెక్‌లో డాక్టర్ మెకాయ్ వాడే వైద్య పరికరాల్లో కొన్ని నిజానికి బజారులో దొరికిన ఉప్పు సీసాలని చెబుతారు. మొట్టమొదట ప్రసారమైన భాగంలో వాడటానికి కొని, ఆ వింత ఆకారాలు చూస్తే అవి ఉప్పు సీసాలని ఎవరూ పోల్చుకోలేరని పక్కన పెట్టి, తరువాత వాటినే ఆసుపత్రి సామానుగా మార్చారు. వాటిలో ఒకదాన్ని లేతు మీద తీసి, ఈసారి తెల్లటి లోహంలో చేయమన్నాను. ఇది ఉప్పు సీసా అని చెప్పగానే మేస్త్రిగారు తలకిందులు చేసి చూసి, “మరి ఉప్పు పడే చిల్లులు ఏవండీ?” అని అడిగారు. వాటిని కూడా వేయమన్నాను, చెక్క నమూనా మీద మందమూ బరువూ రాసి ఇచ్చాను. కనుమ మరునాడు రమ్మన్నారు, నేను రథసప్తమి దాటాక వెళదామనుకుంటున్నాను.